దంతవైద్య పరికరాల శుద్ధి, సంరక్షణ

పంటి వైద్యంలో ఒక రోగి నోట్లో పెట్టిన పనిముట్టును మరో రోగికి హాని కలగకుండా మళ్లీ వాడదగ్గ స్థితికి తెచ్చే పనులన్నీ శుద్ధి కిందికి వస్తాయి. కడగడం, ఆరబెట్టడం, పౌచ్‌లో పెట్టడం, ఆవిరి పట్టడం, భద్రపరచడం దాని మెట్లు. పనిముట్ల పదును, కీళ్లలో నూనె, కంప్రెసర్‌లో గాలి, గొట్టాల్లో నీరు చూసుకోవడం సంరక్షణ. పాఠ్యపుస్తకాల్లో ఈ రెంటికీ వేరువేరు అధ్యాయాలుంటాయి. క్లినిక్‌లో మాత్రం రెండూ ఒకే మనిషి చేతిలో, ఒకే సింకు దగ్గర జరుగుతాయి. నూనె వేయని హ్యాండ్‌పీస్ (డ్రిల్ పిడి) ఆవిరి పట్టే ఆటోక్లేవ్‌లో పాడవుతుంది. పాడవుతుందన్న భయంతో ఆటోక్లేవ్‌లో పెట్టడం మానేస్తే ఆ ముప్పు రోగి మీదికి పోతుంది.

నోటిలో ఇప్పటిదాకా 700కు పైగా రకాల బ్యాక్టీరియాను గుర్తించారు. పన్ను తీసినా, గార తీసినా లాలాజలంలో రక్తం కలుస్తుంది. ఆ రక్తంలో హెపటైటిస్ బి వైరస్ ఉంటే, మరక ఎండిపోయాక కూడా అది 7 రోజుల వరకు బతికి ఉండగలదు. రోగికి వాడిన సూది టీకా వేసుకోని సిబ్బందికి గుచ్చుకుంటే హెపటైటిస్ బి సోకే అవకాశం 6 నుంచి 30 శాతం. హెపటైటిస్ సికి అది సుమారు 1.8 శాతం, హెచ్ఐవికి 0.3 శాతం. జనంలో భయం మాత్రం సరిగ్గా దీనికి తలకిందుల వరుసలో ఉంటుంది. హెపటైటిస్ బికి టీకా ఉన్నా, క్లినిక్‌లో పనిముట్లు కడిగే మనిషికి అది వేయించారా అని అడిగేవాళ్లు తక్కువ.

ఏ పనిముట్టుకు ఎంత శుద్ధి

శుద్ధికి మూడు స్థాయులున్నాయి. కంటికి కనిపించే రక్తం, లాలాజలం, సిమెంటు, పంటి పొడి వదిలించడం క్లీనింగ్. చాలా రకాల సూక్ష్మజీవులను చంపినా, మొండి స్పోర్లను వదిలేసేది డిసిన్ఫెక్షన్. స్పోర్లతో సహా అన్నిటినీ చంపేది స్టెరిలైజేషన్. ఈ చివరిది కూడా గణితంలో సంభావ్యతే. ఒక వస్తువు మీద ఒక్క సూక్ష్మజీవి మిగిలి ఉండే అవకాశం పది లక్షల్లో ఒకటికి మించకపోతే దాన్ని స్టెరైల్ అంటారు.

దేనికి ఏ స్థాయి కావాలో తేల్చే పద్ధతిని అమెరికా సూక్ష్మజీవ శాస్త్రవేత్త ఎర్ల్ స్పాల్డింగ్ 1968లో స్థిరపరిచాడు. చర్మాన్నో చిగురునో చీల్చుకుని ఎముక దాకా, రక్తం దాకా వెళ్లే ఫోర్సెప్స్, ఎలివేటర్లు, స్కేలర్లు, సర్జికల్ బర్‌లు (డ్రిల్ కొసలు) మొదటి తరగతి. వీటికి స్టెరిలైజేషన్ తప్పదు. నోటి లోపలి పొరను తాకుతాయే గాని చీల్చనివి రెండో తరగతి: నోటి అద్దం, ఇంప్రెషన్ ట్రే, ఫిల్లింగ్ అదిమే పనిముట్లు. వేడికి తట్టుకుంటే వీటినీ ఆటోక్లేవ్‌లోనే పెట్టాలి. తట్టుకోకపోతేనే బలమైన రసాయనం. ఎక్స్‌రే యంత్రం తల, కుర్చీ, లైటు పిడి వంటివి చెక్కుచెదరని చర్మాన్ని మాత్రమే తాకుతాయి గనుక వాటిని తుడిచి, మందు పూస్తే చాలు.

చరిత్రలో కొన్ని మలుపులు

జోసెఫ్ లిస్టర్ 1867లో కార్బాలిక్ ఆమ్లంతో గాయాలను చీము పట్టకుండా కాపాడే పద్ధతిని ప్రకటించాడు. 1879లో పాశ్చర్ సహచరుడు చార్లెస్ చాంబర్లాండ్ ఆటోక్లేవ్ తయారు చేశాడు. ఆపరేషన్ గదులు ఈ రెంటినీ అందిపుచ్చుకున్నాయి. పంటి కుర్చీ దగ్గరికి అవి చేరేసరికి మాత్రం చాలా ఆలస్యమైంది. 1910లో బ్రిటిష్ వైద్యుడు విలియం హంటర్ మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో ప్రసంగిస్తూ, కుళ్లిన పళ్ల మీద బంగారు తొడుగులు బిగించే వైద్యాన్ని తూర్పారబట్టాడు. ఆ దెబ్బతో దంతవైద్యులు శుభ్రత వైపు మళ్లారు. ఒంట్లో వచ్చే ప్రతి జబ్బుకూ పన్నే కారణమని ఎడాపెడా పళ్లు పీకే ధోరణి కూడా దానితోనే బలపడి, కొన్ని దశాబ్దాలు నడిచింది.

1980ల దాకా ప్రపంచమంతటా చాలామంది పళ్ల డాక్టర్లు ఒట్టి చేతులతోనే పని చేసేవారు. ఎయిడ్స్ వచ్చాక పద్ధతి మారింది. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం దంతవైద్యానికి ప్రత్యేకంగా 1986లో మార్గదర్శకాలు ఇచ్చింది. 1993లోనూ, 2003లోనూ వాటిని సవరించింది. ఈనాటికీ అనేక దేశాల బోధన ఆ 2003 పత్రం మీదే నడుస్తోంది. మధ్యలో 1990లో ఫ్లోరిడా కేసు బయటపడింది. హెచ్ఐవి ఉన్న ఒక దంతవైద్యుడి దగ్గర చికిత్స పొందిన ఆరుగురికి అదే వైరస్ సోకిందని జన్యు పరీక్షలు సూచించాయి. అది ఏ దారిన వెళ్లిందో చివరికీ తేలలేదు. కారణం తేలకపోవడమే జనాన్ని ఎక్కువ కలవరపెట్టింది. హ్యాండ్‌పీస్‌లను ప్రతి రోగికీ ఆటోక్లేవ్ చేయాలన్న పట్టుదల ఆ తర్వాతే గట్టిపడింది.

2013లో ఓక్లహోమా రాష్ట్రంలోని టల్సాలో ఒక క్లినిక్‌ను తనిఖీ చేసిన అధికారులకు తుప్పు పట్టిన పనిముట్లు కనిపించాయి. ఆటోక్లేవ్ సరిగా పని చేస్తోందో లేదో ఏళ్ల తరబడి పరీక్షించలేదని ఫిర్యాదులో రాశారు. సుమారు 7,000 మంది రోగులను రక్తపరీక్ష చేయించుకోమని కోరారు. ఒక రోగి నుంచి మరో రోగికి హెపటైటిస్ సి పాకినట్టు జన్యు పరీక్షలో తేలింది. పంటి క్లినిక్‌లో అలా జరిగిందని అమెరికాలో నిర్ధారణ కావడం అదే తొలిసారి.

కడగడం

ఈ రంగంలో ఎక్కువ నిర్లక్ష్యానికి గురయ్యేది కడగడమే. ఎండిన రక్తం కింద, సిమెంటు పెచ్చు కింద దాగిన సూక్ష్మజీవికి ఆవిరి అందదు, మందూ అందదు. మురికి ఉన్నదాన్ని ఎంతసేపు ఆటోక్లేవ్‌లో ఉంచినా స్టెరైల్ అయిందని చెప్పే వీలు లేదు. కాబట్టి వాడిన వెంటనే పనిముట్టును ఆరనివ్వకుండా చూడాలి. అప్పటికప్పుడు కడగడం కుదరకపోతే ఎంజైమ్ కలిసిన ద్రావణంలో నానబెడతారు. మొదటి కడుగుకు వేడినీళ్లు పనికిరావు. సుమారు 45 డిగ్రీలు దాటితే రక్తంలోని ప్రోటీన్ గడ్డకట్టి లోహానికి అంటుకుపోతుంది. బ్లీచింగ్ ద్రావణంలో ముందుగా నానబెట్టే అలవాటు మన ఆసుపత్రుల్లో ఇంకా అక్కడక్కడా ఉంది. దానివల్ల స్టీలు గుంటలు పడుతుంది, ఆ గుంటల్లో మురికి చేరుతుంది.

చేత్తో తోమితే గుచ్చుకునే ప్రమాదం ఉంటుంది. మందపాటి రబ్బరు గ్లవ్స్, కళ్లద్దాలు, ఏప్రాన్ వేసుకుని, పొడవాటి పిడి ఉన్న బ్రష్‌తో, నీళ్లు చిందకుండా తొట్టిలో ముంచి తోమాలి. పంటి వైద్యానికి వాడే పల్చటి గ్లవ్స్ ఈ పనికి చాలవు. ఇంతకంటే మేలైన దారి అల్ట్రాసోనిక్ క్లీనర్. దాదాపు 40 కిలోహెర్ట్జ్ ధ్వని తరంగాలు ద్రావణంలో కోట్ల బుడగలను పుట్టించి పగలగొడతాయి. ఆ పగిలే వేగానికి సందుల్లోని మురికి ఊడి వస్తుంది. మూత పెట్టి నడపాలి. లేకపోతే తుంపరలు గదిలోకి లేస్తాయి. యంత్రం సరిగా పని చేస్తోందో తెలుసుకోవడానికి వంటింట్లో దొరికే అల్యూమినియం ఫాయిల్ ముక్కను నిలువుగా ముంచి కాసేపు నడుపుతారు. రేకు అంతటా సమంగా చిల్లులు, గరుకు మచ్చలు పడితే యంత్రం బాగున్నట్టు. ఒక మూల నున్నగా మిగిలిపోతే ఆ చోట ధ్వని అందడం లేదన్నమాట. హ్యాండ్‌పీస్‌లను మాత్రం ఇందులో ముంచకూడదు.

కడిగాక భూతద్దం కింద చూడాలి. ఫోర్సెప్స్ కీలు, స్కేలర్ మెడ, బర్ పళ్ల మధ్య సందులు తప్పక చూడాల్సిన చోట్లు. తర్వాత ఆరబెట్టాలి. తడి పనిముట్టును పౌచ్‌లో పెడితే తుప్పుకు పిలుపు పంపినట్టే.

ఆవిరి

ఆటోక్లేవ్ పని చేసే సూత్రం ప్రెషర్ కుక్కర్‌దే. చదరపు అంగుళానికి 15 పౌండ్ల అదనపు ఒత్తిడిలో నీరు 121 డిగ్రీల దాకా మరగదు. రెండు రెట్ల ఒత్తిడిలో ఆవిరి 134 డిగ్రీలకు చేరుతుంది. చల్లటి లోహాన్ని తాకిన ఆవిరి నీరుగా మారేటప్పుడు తనలో దాచుకున్న వేడినంతా ఒక్కసారిగా వదులుతుంది. సూక్ష్మజీవి ప్రోటీన్లు గడ్డకట్టడానికి ఆ వేడి, ఆ తడి రెండూ కావాలి. పొడిగాలి ఓవెన్‌లో 160 డిగ్రీల దగ్గర 2 గంటలు, 170 దగ్గర గంట పట్టే పని ఆవిరికి 134 దగ్గర 3 నిమిషాల్లో పూర్తవుతుంది. 121 దగ్గరైతే విడి పనిముట్లకు కనీసం 15 నిమిషాలు, పౌచ్‌లో కట్టినవాటికి 30 నిమిషాలు ఇస్తారు. ఇవన్నీ లోపలి వేడి ఆ స్థాయికి చేరాక లెక్కపెట్టాల్సిన నిమిషాలు. స్విచ్ వేసినప్పటి నుంచి కాదు.

ఆవిరికి శత్రువు గాలి. లోపల గాలి మిగిలితే మీటరు ఒత్తిడి చూపిస్తుంది, ఉష్ణోగ్రత మాత్రం చేరదు. గాలి బరువు వల్ల తానే కిందికి జారి పోయే పాత రకం యంత్రాలు బోలుగా లేని, పొట్లం కట్టని పనిముట్లకే సరిపోతాయి. ఐరోపా ప్రమాణాల్లో వీటిని ఎన్ తరగతి అంటారు. పంపుతో గాలిని పలుమార్లు లాగేసి, మళ్లీ మళ్లీ ఆవిరి నింపేవి బి తరగతి. హ్యాండ్‌పీస్ లోపలి సన్నని గొట్టాల్లోకి, పౌచ్‌లోకి ఆవిరి చొచ్చుకుపోవాలంటే ఇదే కావాలి. మధ్యస్థంగా ఎస్ తరగతి ఉంది. అది దేనికి పనికొస్తుందో తయారీదారు చెప్పినంత వరకే. కుక్కర్ ఆకారంలో ఉండే నిలువు ఆటోక్లేవ్‌లు చిన్న క్లినిక్‌లలో ఇంకా ఉన్నాయి. అవి చెడ్డవని కాదు గాని, వాటిలో హ్యాండ్‌పీస్‌లు, పౌచ్‌లు పెట్టి లోపలికంతా ఆవిరి చేరిందని నమ్మడం తప్పు.

వాక్యూమ్ యంత్రంలో గాలి నిజంగా పోయిందా అని చూసే పరీక్షను స్కాట్లండ్‌లో బోవీ, డిక్ అనే ఇద్దరు రూపొందించారు; అది 1963లో అచ్చయింది. ఇప్పటికీ ఉదయం మొదటి సైకిల్‌గా దాన్నే నడుపుతారు. బోలు గొట్టాల సంగతి తెలుసుకోవడానికి సన్నటి పొడవాటి గొట్టం చివర రంగు పట్టీ పెట్టే హెలిక్స్ పరీక్ష ఉంది. పౌచ్ మీద రంగు మారే టేపు ఒక్కటే చూసి నిశ్చింతగా ఉండేవాళ్లు ఎక్కువ. ఆ టేపు చెప్పేది ఈ పొట్లం వేడిని చూసిందని మాత్రమే. లోపలున్న సూక్ష్మజీవులు చచ్చాయో లేదో తేల్చేది స్పోర్ పరీక్ష. జియోబాసిల్లస్ స్టియరోథెర్మోఫిలస్ అనే బ్యాక్టీరియా స్పోర్లు ఆవిరికి బాగా తట్టుకుంటాయి. వాటి చిన్న సీసాను పనిముట్ల మధ్య పెట్టి సైకిల్ నడిపి, తర్వాత 55 నుంచి 60 డిగ్రీల వెచ్చదనంలో ఉంచుతారు. రంగు మారితే స్పోర్లు బతికినట్టు, ఆటోక్లేవ్ విఫలమైనట్టు. పొడిగాలి ఓవెన్‌కు బాసిల్లస్ అట్రోఫియస్ స్పోర్లు వాడతారు. వారానికి ఒకసారి ఈ పరీక్ష చేయాలని నియమం.

ఆటోక్లేవ్‌లో డిస్టిల్డ్ వాటర్ పోయాలి. తెలంగాణ, రాయలసీమ బోరునీళ్లలోని కాఠిన్యం హీటర్ మీద తెల్లగా పేరుకుని, వాల్వులను బిగిస్తుంది, పనిముట్ల మీద మచ్చలు తెస్తుంది. ఇంట్లో తాగే ఆర్‌ఓ నీరు దీనికి బదులు కాదు, దానిలోనూ లవణాలు కొంత మిగులుతాయి. సైకిల్ మధ్యలో కరెంటు పోతే ఎన్ని నిమిషాలు నడిచిందో చూసి మిగతావి కలిపే లెక్క లేదు. మొత్తం మొదటి నుంచి మళ్లీ నడపాలి. తలుపు తీసేసరికి పౌచ్‌లు తడిగా ఉంటే అవి కూడా స్టెరైల్ కింద లెక్కకు రావు. తడి కాగితం గుండా బయటి సూక్ష్మజీవులు లోపలికి పోతాయి. పౌచ్‌లను ఒకదాని మీద ఒకటి కుక్కకుండా, పక్కపక్కన నిలబెడితే ఈ చిక్కు చాలావరకు తప్పుతుంది.

నీలికాంతి పెట్టె వగైరా

మన క్లినిక్‌లలో రోగి కంటికి ముందుగా కనిపించేది నీలంగా వెలిగే యూవీ చాంబర్. అది పనిముట్లను స్టెరైల్ చేయదు. అతినీలలోహిత కిరణం నేరుగా పడిన చోటే పని చేస్తుంది. నీడ పడిన కింది వైపుకు, కీలు సందుకు అందదు. ఆటోక్లేవ్ నుంచి తీసినవాటిని దాచుకునే అలమరాగా దానికి ఉపయోగం ఉంది. అంతకు మించి దానిమీద నమ్మకం పెట్టుకోవడానికి ఆధారం లేదు.

రూట్ కెనాల్ ఫైళ్లను కుర్చీ పక్కనే వేడి గాజు పూసల్లో కొన్ని సెకన్లు ముంచే గ్లాస్ బీడ్ స్టెరిలైజర్ ఇంకొకటి. 220 డిగ్రీలకు పైన వేడెక్కినా గిన్నె అంచుల్లో, అడుగున ఆ వేడి ఒకేలా ఉండదు. ఫైలు కొస తప్ప పిడి శుద్ధి కాదు. 2003 అమెరికా మార్గదర్శకాలు దీన్ని వద్దన్నాయి. ఒక్క రోగికే చెందిన ఫైలును చికిత్స మధ్యలో తుడుచుకోవడానికి వాడితే అభ్యంతరం లేదు గాని, ఇద్దరు రోగుల మధ్య దీన్ని నమ్ముకోకూడదు. ఫైళ్ల సందుల్లో పంటి కణజాలం పూర్తిగా వదలడం కష్టం. ప్రియాన్ అనే, మెదడు జబ్బు తెచ్చే ప్రోటీన్ భయంతో బ్రిటన్ 2007లో వాటిని ఒకసారి వాడి పారేయమని ఆదేశించింది.

నీళ్లు మరిగించే పాత బాయిలర్ వైరస్‌లను, మామూలు బ్యాక్టీరియాను చంపుతుంది. స్పోర్లు మాత్రం 100 డిగ్రీల దగ్గర గంటల తరబడి బతకగలవు.

ఎయిరోటర్

గాలి వేగంతో తిరిగే డ్రిల్‌ను అమెరికా దంతవైద్యుడు జాన్ బోర్డెన్ 1957లో మార్కెట్లోకి తెచ్చాడు. నిమిషానికి దాదాపు 3 లక్షల చుట్లు. ఆయన యంత్రం పేరు ఎయిరోటర్. ఇవాళ ఏ కంపెనీ తయారు చేసినా మన డాక్టర్లు ఆ పేరుతోనే పిలుస్తారు. అంతటి వేగంతో తిరిగే టర్బైన్ ఆగే క్షణంలో లోపల ఒత్తిడి పడిపోయి, నోటిలోని లాలాజలాన్ని, రక్తాన్ని కొంత లోపలికి పీల్చుకుంటుంది. తర్వాతి రోగికి స్విచ్ నొక్కగానే అది బయటికి చిమ్ముతుంది. వెనక్కి పీల్చకుండా ఆపే వాల్వులు ఉన్నా, అవి అరిగిపోతాయి. అందుకే స్పిరిట్ దూదితో పైన తుడిచి సరిపెట్టడం చాలదు. లోపలి దారిలో ఉన్నదానికి స్పిరిట్ తగలదు. ప్రతి రోగి తర్వాత ఆటోక్లేవ్ చేయాల్సిందే. కుర్చీకి ఒకటే ఎయిరోటర్ ఉన్న క్లినిక్‌లో ఈ నియమం కాగితం మీదే ఉంటుంది. రోజుకు ఎంతమంది రోగులు వస్తారో, ఒక సైకిల్‌కు ఎంతసేపు పడుతుందో లెక్కవేసి అన్ని హ్యాండ్‌పీస్‌లు కొనడమే దీనికి మందు.

ఆటోక్లేవ్‌లో పెడితే బేరింగులు పోతాయన్న ఫిర్యాదు చాలావరకు సంరక్షణ లోపం వల్ల వచ్చేదే. రోగి లేచాక బర్ తీయకుండానే 20 నుంచి 30 సెకన్లు నీళ్లు, గాలి వదలాలి. తర్వాత బర్ తీసి, బయటంతా తుడిచి, గాలి వచ్చే రంధ్రంలోకి నూనె స్ప్రే కొట్టాలి. తల దగ్గర శుభ్రమైన నూనె కనిపించే వరకు కొట్టి, బర్ పెట్టి కాసేపు తిప్పితే మిగులు నూనె బయటపడుతుంది. మిగులు నూనెతో ఆటోక్లేవ్‌కు పంపితే లోపల అది మాడి గట్టిపడుతుంది. బర్ లేకుండా తిప్పితే దాన్ని పట్టే చక్ చెడిపోతుంది. కొన్ని సిరామిక్ బేరింగులకు నూనే అక్కర్లేదు. కంపెనీ చిన్న పుస్తకం చదవడం తప్ప వేరే దారి లేదు. ఆటోక్లేవ్ నుంచి వేడిగా తీసినదాన్ని చల్లార్చడానికి నీళ్లలో ముంచడం మరో పొరపాటు. గాలి ఒత్తిడి చదరపు అంగుళానికి సుమారు 30 నుంచి 35 పౌండ్ల మధ్య ఉండాలి. వేగం పెరుగుతుందని దాన్ని పెంచితే పన్ను త్వరగా అరగదు, బేరింగులు అరుగుతాయి.

నీటి గొట్టాలు

ఎయిరోటర్‌కు నీళ్లు తెచ్చే ప్లాస్టిక్ గొట్టం లోపలి వ్యాసం 2 మిల్లీమీటర్ల లోపే. రాత్రంతా, ఆదివారమంతా అందులో నీరు కదలకుండా ఉంటుంది. గొట్టం గోడకు అంటుకుని బ్యాక్టీరియా జిగురు పొర కడుతుంది. దాన్నే బయోఫిల్మ్ అంటారు. బ్రిటిష్ పరిశోధకుడు బ్లేక్ 1963లోనే దీన్ని గుర్తించి రాశాడు. చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. ట్యాంకులో ఎంత మంచి నీరు పోసినా, గొట్టంలో పొర ఉంటే చివర బయటపడే నీరు చెడ్డదే అవుతుంది. 2003 మార్గదర్శకాల ప్రకారం మామూలు చికిత్సకు వాడే నీటిలో మిల్లీలీటరుకు 500 బ్యాక్టీరియా సముదాయాలకు మించి ఉండకూడదు.

ఇది ఊరికే లెక్కల గొడవ కాదు. 2011లో ఇటలీలో 82 ఏళ్ల మహిళ లీజియనీర్స్ వ్యాధితో చనిపోయింది. ఆమె ఊపిరితిత్తుల్లో దొరికిన బ్యాక్టీరియా, ఆమె వెళ్లిన పంటి క్లినిక్ నీటి గొట్టంలోది ఒకటేనని తేలింది. 2016లో కాలిఫోర్నియాలోని ఆనహైమ్‌లో పాలపళ్లకు చికిత్స చేయించుకున్న సుమారు 70 మంది పిల్లలకు మైకోబాక్టీరియం అబ్సెసస్ సోకింది. కొందరు పిల్లలు దవడ ఎముకలో కొంత భాగాన్ని, పక్కనున్న పళ్ల మొగ్గలను కోల్పోవాల్సి వచ్చింది. దానికి ముందటి ఏడు జార్జియాలోనూ అలాంటిదే జరిగింది. రెండు చోట్లా దోషం నీటిదే.

మనకు దగ్గర్లో జరిగినది వీటన్నిటికంటే ఘోరం. కుప్పానికి అట్టే దూరం లేని తమిళనాడు పట్టణం వాణియంబాడిలో ఒక పంటి క్లినిక్‌కు వెళ్లినవారు 2022, 2023 సంవత్సరాల్లో మెదడుకు పాకిన మెలియాయిడోసిస్‌తో వేలూరు ఆసుపత్రికి వచ్చారు. ఇది బర్ఖోల్డేరియా సూడోమల్లై అనే మట్టి, నీటి బ్యాక్టీరియా తెచ్చే జబ్బు. ఆ ప్రాంతంలో గుర్తించిన 21 కేసుల్లో 10 మంది ఈ క్లినిక్‌తో సంబంధం ఉన్నవారు. వారిలో 8 మంది చనిపోయారు. వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వైద్యులు, ఇతర పరిశోధకులు కలిసి చేసిన దర్యాప్తు 2025లో అచ్చయింది. క్లినిక్‌లో వాడుకలో ఉన్న సెలైన్ సీసాలోనే ఆ బ్యాక్టీరియా దొరికింది. సీసాను చిగురు లేపే పెరియాస్టియల్ ఎలివేటర్‌తో తెరిచి, వదులుగా మూసి, మళ్లీ మళ్లీ వాడేవారు. అది ఖరీదైన పరికరమేదో కొనకపోవడం వల్ల జరిగిన లోపం కాదు. తెరిచిన సీసాను ఆ రోగికే వాడి పారేయాలన్న, కొన్ని రూపాయలకు మించని నియమం తప్పింది.

గొట్టాల విషయంలో చేయాల్సినవి కష్టమైనవేం కాదు. పొద్దున్నే 2 నిమిషాలు, రోగికీ రోగికీ మధ్య 20 నుంచి 30 సెకన్లు నీళ్లు వదలాలి. దీనివల్ల నిలవ నీరు, వెనక్కి పీల్చిన లాలాజలం పోతాయి. గోడకంటిన పొర మాత్రం పోదు. దానికి హైడ్రోజన్ పెరాక్సైడ్, క్లోరిన్ డయాక్సైడ్ వంటి మందులను తయారీదారు చెప్పిన వరుసలో గొట్టాల్లోకి పంపాలి. మున్సిపల్ లైను బదులు కుర్చీకి విడి సీసా ఉంటే ఈ పని సులువు. ఆ సీసాను రాత్రి ఖాళీ చేసి, బోర్లించి ఆరబెట్టాలి. మూడు నెలలకో నాలుగు నెలలకో నీటిని ల్యాబ్‌కు పంపితే అసలు సంగతి తెలుస్తుంది. ఎముక కోసే శస్త్రచికిత్సలో గొట్టం నీళ్లు అసలు వాడకూడదు. అక్కడ స్టెరైల్ సెలైన్ మాత్రమే, అదీ కొత్త సీసాతో.

సక్షన్ గొట్టాల సంగతి తిరగబడి ఉంటుంది. రోగి పెదాలు మూసి గొట్టాన్ని చప్పరిస్తే, లోపలున్నది వెనక్కి నోట్లోకి రావచ్చు. పిల్లలకు పెదాలు బిగించి ఉమ్ము పీల్చమని చెప్పే అలవాటు అందుకే మానుకోవాలి. రోజు చివర సక్షన్‌లోకి నురగ రాని క్లీనర్ పంపుతారు.

రసాయనాలు, వాటి హద్దులు

2 శాతం గ్లూటరాల్డిహైడ్ మన దగ్గర బాగా తెలిసినది. డిసిన్ఫెక్షన్‌కు 20 నుంచి 45 నిమిషాలు, స్టెరిలైజేషన్‌కు 10 గంటలు. ఆ 10 గంటలు ఏ క్లినిక్‌లోనైనా ఆగుతారా అన్నది అందరికీ తెలిసిందే. కలిపాక దానికి 14 రోజుల ఆయుష్షే ఉంటుంది, తడి పనిముట్లు ముంచుతూ పోతే ఇంకా ముందే పల్చబడుతుంది. వాసన ఊపిరితిత్తులకు, కళ్లకు చెడ్డది. ఆర్థో థాలాల్డిహైడ్ త్వరగా పని చేస్తుంది, వాసన తక్కువ, కాని తాకిన చర్మాన్ని బూడిద రంగు చేస్తుంది. ఏ ద్రావణానికైనా పెద్ద లోపం ఒకటుంది. అందులో ముంచినదాన్ని పౌచ్‌లో దాచుకోలేరు, పని అయిందో లేదో స్పోర్‌తో పరీక్షించలేరు. ఆటోక్లేవ్ తట్టుకునేదాన్ని ద్రావణంలో ముంచడానికి సమర్థన లేదు.

కుర్చీ, బల్ల, స్విచ్‌ల మీద ముందు మురికి తుడవాలి, తర్వాత మందు పూసి చెప్పినంతసేపు తడిగా ఉంచాలి. స్పిరిట్ క్షణాల్లో ఆరిపోతుంది. కుర్చీ రెక్సిన్ కూడా దానికి పగుళ్లు బారుతుంది. రక్తం చిందిన చోట 0.5 శాతం హైపోక్లోరైట్ వేస్తారు. ఆ ద్రావణాన్ని ఏ రోజుకారోజే కలుపుకోవాలి. బాత్రూమ్ యాసిడ్‌తో కలిస్తే క్లోరిన్ విషవాయువు పుడుతుంది. తుడవడం కష్టమైన బటన్లకు, లైటు పిడికి ప్లాస్టిక్ పొర చుట్టి, రోగి మారగానే పారేయడం ఇంకా సులువు. ఆటోక్లేవ్‌లో పెట్టలేని ఎక్స్‌రే సెన్సర్‌కు కూడా తొడుగు వేసి, తీసేటప్పుడు మందుతో తుడుస్తారు. కోవిడ్ రోజుల్లో గదుల్లో పొగమంచులా మందు చల్లే యంత్రాలు బాగా అమ్ముడయ్యాయి. అవి తుడిచే పనికి బదులు రావు.

నోటి అచ్చులు తరచు మరిచిపోయే వస్తువు. అచ్చు మీది రక్తం, లాలాజలం నేరుగా దంతాల ల్యాబ్ మనిషి చేతికి పోతాయి. ఆల్జినేట్ అచ్చును కుళాయి కింద కడిగి, మందు చల్లి, మూసిన కవరులో 10 నిమిషాలు ఉంచాలి. ఎక్కువసేపు నానబెడితే అది నీరు పీల్చి ఉబ్బుతుంది, కట్టిన పళ్లు నోటికి సరిపోవు.

పదును, తుప్పు, గాలి

మొద్దుబారిన స్కేలర్ గారను తీయదు, దాన్ని పంటికేసి రుద్ది నునుపు చేస్తుంది. డాక్టరు చేతికి నొప్పి, రోగికి చిగురు గాయం మిగులుతాయి. ఆర్కన్సా రాయి మీద నూనె చుక్క వేసి కోణం చెడకుండా నూరి, ప్లాస్టిక్ కడ్డీ మీద గీసి చూస్తారు. పదును ఉంటే అది పట్టుకుంటుంది, లేకపోతే జారుతుంది. నూరాక మళ్లీ ఆటోక్లేవ్. అల్ట్రాసోనిక్ స్కేలర్ కొస 1 మిల్లీమీటరు అరిగితే పనితనం నాలుగో వంతు, 2 మిల్లీమీటర్లు అరిగితే సగం పోతుంది. చాలా క్లినిక్‌లలో అలాంటి కొసలే నడుస్తున్నాయి.

స్టెయిన్‌లెస్ స్టీలు తుప్పు పట్టదన్నది సగం నిజం. దాని మీదున్న, కంటికి కనిపించని క్రోమియం ఆక్సైడ్ పొర దాన్ని కాపాడుతుంది. క్లోరైడ్, బ్లీచింగ్, గరుకు పీచు ఆ పొరను గీస్తాయి. కార్బన్ స్టీలు బర్‌ను మంచి పనిముట్లతో కలిపి ఆటోక్లేవ్‌లో పెడితే దాని తుప్పు పక్కవాటికి అంటుకుంటుంది. గోధుమ రంగు మరక కనిపిస్తే పెన్సిల్ రబ్బరుతో రుద్ది చూడాలి. పోతే అది ఉత్త మరక. కింద గుంట కనిపిస్తే తుప్పే, ఆ పనిముట్టును తీసేయాలి.

కంప్రెసర్ మూల గదిలో, మెట్ల కింద ఉంటుంది గనుక ఎవరి కంటా పడదు. నొక్కిన గాలిలోని తేమ ట్యాంకు అడుగున నీరై నిలుస్తుంది. దాన్ని రోజూ కింది కుళాయి తిప్పి వదిలేయాలి. లేకపోతే ఆ నీరు, తుప్పు హ్యాండ్‌పీస్ బేరింగుల దాకా పోతాయి, ఎండబెట్టాల్సిన పంటి మీద తేమ చల్లుతాయి. పంటి రంగు ఫిల్లింగులు కొన్ని నెలలకే ఊడిపోతున్నాయంటే డాక్టరు మందును అనుమానిస్తాడు గాని, తప్పు కొన్నిసార్లు కంప్రెసర్‌ది. నూనెతో నడిచే కంప్రెసర్ అయితే ఇంకా కష్టం. నూనె ఆవిరి గాలిలో కలిసి ఫిల్లింగ్ పంటికి అంటకుండా చేస్తుంది. కాబట్టి నూనె లేని రకమే కొనాలి. ఫిల్లింగ్‌ను కాంతితో గట్టిపరిచే లైట్ క్యూర్ కొస మీద అంటిన ఫిల్లింగ్ మెటీరియల్ పెచ్చు కూడా ఇలాగే కాంతిని అడ్డగిస్తుంది. రేడియోమీటర్‌తో కాంతిని కొలిచి చూస్తే తెలుస్తుంది.

వ్యర్థాలు, చట్టం

దేశంలో 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనలు పంటి క్లినిక్‌లకూ వర్తిస్తాయి. రక్తం అంటిన దూది, తీసిన పళ్లు, కణజాలం పసుపు సంచిలోకి. గ్లవ్స్, సక్షన్ కొసలు, సూది లేని సిరంజిలు ఎర్ర సంచిలోకి. సూదులు, బ్లేడ్లు, ఫైళ్లు గుచ్చినా చిల్లు పడని తెల్ల డబ్బాలోకి. మత్తుమందు గాజు సీసాలు నీలం డబ్బాలోకి. సూదికి మూత రెండు చేతులతో పెట్టకూడదు. మూతను ట్రేలో పడేసి, ఒక చేత్తోనే సూదిని దూర్చాలి.

1948 దంతవైద్యుల చట్టం దంతవైద్యులను, హైజినిస్టులను, దంతాలు తయారు చేసే మెకానిక్‌లను నమోదు చేసే ఏర్పాటు చేసింది. దానికి బదులుగా 2023లో జాతీయ డెంటల్ కమిషన్ చట్టం ఆమోదం పొందింది. సింకు దగ్గర నిలబడే అసిస్టెంట్‌కు మాత్రం చాలా క్లినిక్‌లలో పనే బడి. ముందున్న మనిషి చేసింది చూసి నేర్చుకుంటారు, తప్పులతో సహా. వారానికోసారి స్పోర్ పరీక్ష ఫలితం, ప్రతి సైకిల్ తేదీ, సమయం ఒక నోటుబుక్కులో రాసి ఉంచే క్లినిక్‌లో ఈ లోటు కొంత తీరుతుంది.

పాదరసం ఉన్న వెండి ఫిల్లింగ్ (అమాల్గం) పెట్టిన పన్నును పసుపు సంచిలో వేస్తే, అది దహన యంత్రంలో కాలినప్పుడు పాదరసం ఆవిరై గాలిలో కలుస్తుంది. కాబట్టి అలాంటి పళ్లను, గీకిన అమాల్గం పొడిని మూత ఉన్న సీసాలో విడిగా దాచాలి. ఇదే కారణంతో బీడీఎస్ విద్యార్థులు సాధన కోసం క్లినిక్‌ల నుంచి సేకరించే పళ్లను కూడా రెండు కుప్పలు చేస్తారు. అమాల్గం లేనివాటిని ఆటోక్లేవ్‌లో 40 నిమిషాలు ఉంచవచ్చు. అమాల్గం ఉన్నవాటిని 10 శాతం ఫార్మలిన్‌లో రెండు వారాలు నానబెట్టాకే చేతికి తీసుకోవాలి.